పక్షులు పిల్లల్ని కడుపులో ఎందుకు మోయవు?

ఈ ప్రశ్న ఎవరినడిగినా వచ్చే జవాబు దాదాపు ఒకటే: ఎగరాలి కదా, కడుపులో పిల్లలుంటే బరువు. సబబుగానే ఉంది. మరి గబ్బిలం సంగతేంటి? పుట్టబోయే పిల్ల తన బరువులో పావు వంతు దాకా తూగుతున్నా, దాన్ని కడుపులో పెట్టుకునే ఎగురుతుంది. అటు నిప్పుకోడి, పెంగ్విన్ ఎప్పుడో ఎగరడం మానేశాయి, గుడ్లు పెట్టడం మాత్రం మానలేదు. పదివేలకు పైగా పక్షి జాతుల్లో పిల్లల్ని కనేది ఒక్కటీ లేదు. అంటే బరువొక్కటే కారణం కాదన్నమాట.

పాములు, బల్లుల్లో చూడండి. గుడ్లు పోయి పిల్లల్ని కనడం వాటిలో వందసార్లకు పైగా విడివిడిగా పుట్టుకొచ్చింది, అదీ చలి ప్రాంతాల్లో ఎక్కువగా. చల్లటి మట్టిలో గుడ్డు సరిగా ఎదగదు, అదే కడుపులో ఉంచుకుని తల్లి ఎండలో పడుకుంటే పిండానికీ వేడి తగులుతుంది. కాబట్టి గుడ్డును ఇంకో నాలుగు రోజులు లోపల ఆపుకున్న తల్లికి ఆ మేరకు లాభమే.

పక్షికి ఆ లాభం ఎక్కడిది? దాని ఒళ్లే ఒక పొయ్యి. చాలా జాతుల్లో పొదిగే కాలానికి పొట్ట కింద ఈకలు రాలి, రక్తనాళాలు నిండిన చర్మం నేరుగా గుడ్లకు ఆనుతుంది. పైగా కడుపులో వేడి మరీ ఎక్కువ. కోడిగుడ్లను ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీల దగ్గర ఉంచుతారు, కోడి ఒంట్లో ఉండేది దాదాపు 41. అంత వేడిలో 21 రోజులూ ఉంచితే పిల్ల దక్కడం కష్టం.

ఇంకో చిక్కుంది, నాకైతే ఇదే అసలు చిక్కనిపిస్తుంది. చాలా పక్షులకు పనిచేసే అండాశయం ఒక్కటే, గుడ్డు బయటికొచ్చే దారీ ఒక్కటే. కోడికి ఒక గుడ్డు తయారవడానికి సుమారు 25 గంటలు పడుతుంది, అందులో 20 గంటలు పెంకుకే. ఉన్నదాన్ని దింపేస్తేనే తర్వాతి దానికి దారి. దింపిన గుడ్డులో పిండం చల్లబడి ఆగిపోతుంది, అన్నీ పెట్టాక కోడి కూర్చుంటే మళ్లీ మొదలవుతుంది, అందుకే వేర్వేరు రోజుల గుడ్లు దాదాపు ఒకేసారి పిల్లలవుతాయి. బయట ఉన్న గుడ్డును తండ్రి కూడా పొదగొచ్చు, కివీల్లో చాలావరకు ఆ పని మగదే.

లాభం ఉన్నచోట పక్షి కూడా గుడ్డును కాస్త ఆపుకుంటుంది. పరాయి గూట్లో గుడ్డు పెట్టే కుకూ పక్షి దాన్ని దాదాపు ఒక రోజు ఎక్కువ లోపలే ఉంచుకుంటుంది. దాంతో దాని పిల్ల ముందుగా బయటపడి, ఆ గూటివాళ్ల గుడ్లను కిందికి నెట్టేస్తుంది.