గద్ద నీడ పడకముందే

వేసవి సెలవులు. పొద్దున పదిగంటల వేళ అమ్మమ్మగారి వాకిట్లో పిల్లలకోడి నేల గీరుతోంది. చుట్టూ పదకొండు పిల్లలు. ఉన్నట్టుండి కోడి తల పక్కకి వంచి, ఒంటికన్నుతో ఆకాశంలోకి చూసి, గొంతులోంచి సన్నగా సాగే కూత ఒకటి తీసింది. రెప్ప వేసేలోగా వాకిట్లో ఒక్క పిల్ల లేదు. కొన్ని తల్లి రెక్కల కిందకి, కొన్ని కట్టెలమోపు కిందకి దూరిపోయాయి. "హోయ్, గద్ద! గద్ద!" అని అమ్మమ్మ చేతులు చరుస్తూ వసారాలోంచి వచ్చేసరికే కోడి తన పని ముగించింది.

ఆ ఏడే పిన్ని పెళ్లికని వాకిలి శుభ్రం చేసి కట్టెలమోపు తీసేశారు. వారంలో నాలుగు పిల్లలు పోయాయి. ఊళ్లో గద్దలు ఎక్కువైపోయాయని అందరూ అన్నారు. కానీ గద్దలు అవే, కోడీ అదే. కోడి కూసినా పిల్లలు పారిపోవడానికి చోటు లేదు. ఇది నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కోడికి ప్రమాదాన్ని చెప్పే కూతలు రెండున్నాయి. పిల్లి గానీ ముంగిస గానీ కనబడితే "కొక్... కొక్... కొక్కోక్" అని ముక్కలుముక్కలుగా, ఊరంతా వినబడేలా అరుస్తుంది. పైనుంచి వచ్చే శత్రువుకు మాత్రం ఆ సన్నటి సాగుడు కూత. సన్నగా మొదలై సన్నగా ఆగిపోయే ఇలాంటి కూత ఏ దిక్కునుంచి వచ్చిందో వేటపక్షి పట్టుకోవడం కష్టమని చిన్న పిట్టల కూతలను గమనించిన పీటర్ మార్లర్ 1955లోనే చెప్పాడు. 1993లో ఆయనే, క్రిస్టఫర్ ఎవాన్స్, లిండా ఎవాన్స్‌లతో కలిసి, ఈ రెండు కూతలనూ రికార్డు చేసి పెట్టలకు వినిపించాడు. ఎదురుగా గద్దా లేదు, పిల్లీ లేదు. అయినా గద్ద కూత విన్న పెట్టలు చాటుకు పరుగెత్తాయి, నక్కి కూర్చున్నాయి, ఆకాశం వైపు చూశాయి. నేల కూత విన్నవి నిటారుగా నిలబడి చుట్టూ చూశాయి. అంటే ఆ కూత ఉత్త భయపు అరుపు కాదు. ముప్పు ఎటునుంచి వస్తుందో కూడా అందులో ఉంది.

ఈ ఏర్పాటు అడవిలో పుట్టింది. మన కోళ్లకు మూలమైన ఎర్ర అడవికోడి వెదురు గుబుర్లలో, పొదల అంచుల్లో బతికే పక్షి. దానికి నాలుగడుగుల్లో ఎప్పుడూ ఒక పొద ఉంటుంది. అందుకే "చాటుకు పొండి" అన్న కూత చాలు. కల్లాపి చల్లి, ఊడ్చి, ముగ్గు పెట్టిన మన వాకిలి మనకెంత అందమో, కోడిపిల్లకంత ప్రమాదం.

గద్దలన్నీ ఒకటి కావు. ఆకాశంలో వలయాలు తిరుగుతూ, మధ్యలో చీలిన తోకను చుక్కానిలా అటూఇటూ తిప్పేది నల్లగద్ద. దాని బతుకు ఎక్కువగా చెత్తకుప్పలు, చచ్చిన ఎలుకలు, చికెన్ కొట్టు వెనక పారేసిన పేగుల మీదే. తేలిగ్గా దొరికితే కోడిపిల్లనూ వదలదు. ఎత్తునుంచి ఏటవాలుగా దిగి, ఆగకుండానే కాళ్లతో తన్నుకుని, అదే ఊపులో పైకి లేస్తుంది. దిగడానికీ లేవడానికీ దానికి బారెడు ఖాళీ కావాలి. జాలెడేగ పద్ధతి వేరు. పావురమంత ఉండే ఈ పిట్ట ఆకాశంలో తిరుగుతూ కనబడదు. వేపచెట్టు కొమ్మల్లో కదలకుండా కూర్చుని, అదను చూసి బాణంలా వస్తుంది. తొండలు, ఎలుకలు, పిచ్చుకలు దాని రోజువారీ ఆహారం. గోదావరి జిల్లాల్లో ఎర్ర పందెంకోడిని డేగ అని పిలుస్తారు. ఈ పిట్ట తెగువ చూసే ఆ పేరు పెట్టి ఉంటారని నాకనిపిస్తుంది.

రాత్రి పోయిన కోడికి గద్దను తిట్టి లాభం లేదు. గద్దలూ డేగలూ పగటి వేటగాళ్లు. చీకట్లో గూడు దగ్గర జరిగే నష్టం ఎక్కువగా పిల్లులు, అడవిపిల్లుల పని. అప్పుడప్పుడు గుడ్లగూబ. పట్టపగలు చిన్నపిల్లలను ఎత్తుకుపోయేవాటిలో కాకి కూడా ఉంటుంది, కానీ నింద గద్ద మీద పడుతుంది. ఏది తీసుకుపోయిందో తెలుసుకోకుండా కట్టిన కంచె తప్పు దిక్కును కాస్తుంది.

పెరిగిన కోడిని మోసుకుపోవడం నల్లగద్ద తరం కాదు. దాని బరువే సాధారణంగా కిలో లోపు. కొండల పక్క ఊళ్లలో పెద్ద జాతుల సంగతి వేరుగానీ, మామూలు ఊళ్లలో గండం గుడ్డులోంచి బయటపడ్డ రోజు నుంచి ఆరు, ఎనిమిది వారాల దాకానే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పిల్లలను ఆరు వారాలు నర్సరీలో పెంచాకే పెరట్లోకి వదలమని చెబుతారు. వెచ్చదనం, టీకాలతో పాటు ఇదీ ఒక కారణం. మిషన్‌లో పొదిగిన పిల్లలకు ఆకాశం చూసి కూసే తల్లి లేదు మరి.

గుడ్డులో ఉండగానే మొదలయ్యే కథ ఇంకొకటి ఉంది. ఈ విషయంలో నన్నింతగా ఆశ్చర్యపరిచింది మరొకటి లేదు. పొదిగే చివరి రోజుల్లో పిల్ల ఎడమకన్ను ఒంటికి అదుముకుని ఉంటుంది, కుడికన్ను పెంకు వైపు తిరిగి ఉంటుంది. తల్లి మేతకు లేచినప్పుడు పెంకులోంచి వెలుతురు ఆ కుడికన్నుకే అందుతుంది. ఆ కాస్త వెలుతురుతో మెదడు పనులు పంచుకుంటుంది. గింజను రాయినుంచి వేరుచేసి ఏరుకోవడం కుడికన్నుది, ముప్పును కనిపెట్టడంలో ఎడమకన్నుది పైచేయి. ఆస్ట్రేలియాకు చెందిన లెస్లీ రోజర్స్ దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. 2004లో ఆమె బృందం పిల్లల ముందు గులకరాళ్లలో గింజలు చల్లి, పైన గద్ద ఆకారాన్ని కదిలించింది. వెలుతురు తగిలిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు రెండు పనులూ ఒకేసారి చేసుకోగలిగాయి. పూర్తి చీకట్లో పొదిగినవి తడబడ్డాయి. పొదుగుకోడి రోజూ కాసేపు లేచిపోతే గుడ్లు చల్లారిపోతాయని మనం కంగారుపడతాం. ఆ కాసేపట్లోనే పిల్లకు కాపలా కన్ను తయారవుతోంది.

ఇక బెదిరింపుల సంగతి. పాత సీడీలు, మెరిసే రిబ్బన్లు, ప్లాస్టిక్ గుడ్లగూబ కొన్నాళ్లు పనిచేస్తాయి. తర్వాత పనిచేయవు. 1937లో ఆస్ట్రియాలో కాన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బర్గెన్ అట్టతో పక్షి బొమ్మ చేసి పక్షిపిల్లల మీదుగా నడిపించారు. పొట్టి మెడ ముందుండేలా లాగితే అది గద్ద, అదే బొమ్మను వెనక్కి లాగితే పొడుగు మెడ బాతు. గద్ద రూపానికే పిల్లలు పుట్టుకతో భయపడతాయని టిన్‌బర్గెన్ అన్నాడు. తర్వాత వచ్చిన వోల్ఫ్‌గాంగ్ ష్లైట్ టర్కీ కోళ్లతో మళ్లీ చూస్తే, అవి ఎక్కువగా చూసిన ఆకారానికి అలవాటుపడి, అరుదుగా చూసినదానికి బెదిరాయి. అలవాటు ఒక్క కోడికే కాదు, గద్దకూ ఉంటుంది. రోజూ అదే చోట వేలాడే సీడీ దానికి నాలుగో వారానికి చెట్టు ఆకుతో సమానం. పెట్టాలనుకుంటే రెండు మూడు రోజులకోసారి చోటు మార్చాలి.

నిలిచి పనిచేసేది చాటు. మన పెద్దవాళ్ల గంప ఇందులో గొప్ప సాధనం. తల్లిని వెదురు గంప కింద మూసి, పిల్లలను బయట తిరగనిస్తారు. తల్లి లోపలినుంచే ఆకాశం చూస్తుంది, కూస్తుంది, పిల్లలు సందుల్లోంచి లోపలికి దూరతాయి. మొదటి రెండు మూడు వారాలు దీన్ని మించింది నాకు తెలియదు. తర్వాత ఆనప, బీర పందిరి. ఎదిగిన పందిరి కింద గద్ద దిగలేదు, వేసవిలో నీడ కూడా. మేత వాకిలి నడుమ చల్లే అలవాటు మానుకుని పందిరి కిందో, వసారా చూరు కిందో వేయాలి. ఖాళీ జాగా తప్పనిసరైతే మనిషి ఎత్తుకు పైన అడుగున్నర ఎడంలో తాళ్లు అడ్డదిడ్డంగా బిగించి కడితే నల్లగద్దకు దిగే దారి తెగుతుంది. డేగ మాత్రం వాటి మధ్యలోంచి వచ్చేస్తుంది. దానికి సన్నకన్ను వలే దిక్కు. వల వదులుగా వేలాడితే పిట్టలు చిక్కుకుని చస్తాయి, బిగించి కట్టాలి. కోళ్లు కోసిన వ్యర్థాలు పెరట్లో పారేస్తే గద్దను మనమే పిలిచినట్టు. పాతిపెట్టండి.

విషం పెట్టిన మాంసం ముక్క వేయడం మాత్రం ఎవరూ చేయకూడదు. అది కుక్కనూ కాకినీ కూడా చంపుతుంది, గద్దలకూ డేగలకూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. పైగా గద్దను ఎదిరించే మిత్రుడు మనకు ఊళ్లోనే ఉన్నాడు. కరెంటు తీగ మీద కూర్చునే నల్లటి పిట్ట, చీలిన పొడుగు తోక, ఏట్రింత. గూడు పెట్టిన కాలంలో తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన గద్దను వీపు మీద పొడుస్తూ ఊరి పొలిమేర దాటిస్తుంది. అది గూడు కట్టిన కొమ్మను ఆ రెండు నెలలు కొట్టకండి.

పుంజును కూడా మరవకూడదు. పక్కన పెట్ట ఉంటే పుంజు గద్దను చూసి ఎక్కువగా కూస్తుందని, ఒంటరిగా ఉంటే చాలాసార్లు నోరు మెదపదని మార్లర్ బృందం గమనించింది. 2010లో వచ్చిన మరో పరిశోధనలో, తాను చాటున ఉన్న పుంజు ఇంకా ఎక్కువసేపు కూసింది. బయట నిలబడి కూస్తే గద్ద దృష్టి తన మీదే పడుతుంది కదా. కాబట్టి పుంజు రోజూ ఎక్కి నిలబడే పెంటదిబ్బ పక్కన ఒక తడిక ఏటవాలుగా ఆనించండి, లేదా నాలుగు కంపలు పేర్చండి. దాని కింద నిలబడి అది కూసినంతసేపూ, దూరంగా గడ్డివాము దగ్గర మేస్తున్న పిల్లలకు పరుగెత్తే వ్యవధి దొరుకుతుంది.