రాయిని కాల్చి చమురు: వందేళ్లుగా అందని కొలరాడో నిధి

చమురు ధర మండిపోయినప్పుడల్లా అమెరికాలో కొలరాడో రాళ్ల గురించి మాట మొదలవుతుంది. కొలరాడో, యూటా, వయోమింగ్ రాష్ట్రాల కింద పరుచుకున్న గ్రీన్ రివర్ షేల్‌ (పొరలు పొరలుగా ఉండే, కాలిస్తే నూనెనిచ్చే రాయి) ఈ రకం రాయిలో ప్రపంచంలోనే అతి పెద్ద నిల్వ. ఒక్క కొలరాడో పీసియాన్స్ బేసిన్‌లోనే సుమారు 1.5 లక్షల కోట్ల బ్యారెళ్లకు సరిపడా సరుకు ఉందని అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2009లో లెక్కగట్టింది. అయినా అక్కడ సొంత కాళ్ల మీద నిలబడ్డ షేల్ నూనె పరిశ్రమ ఈ రోజుకీ లేదు.

కారణం ఆ రాతిలోనే ఉంది. అందులో ఉన్నది చమురు కాదు, కెరోజెన్ అనే గట్టి పదార్థం. కోట్ల ఏళ్ల కిందటి సరస్సుల అడుగున పేరుకున్న నాచు అవశేషం అది. ఇంకా లోతుకు దిగి, భూమి వేడికి మగ్గి ఉంటే చమురయ్యేది. అక్కడిదాకా పోలేదు. ఆ తక్కువైన వేడిని ఇప్పుడు మనం డబ్బు పెట్టి కొనాలి. టెక్సస్‌లో ఫ్రాకింగ్‌తో తీసే నూనె, మన కృష్ణా-గోదావరి బేసిన్ విషయంలో వినే షేల్ గ్యాస్ వేరు. అవి ఎప్పుడో తయారై రాతిలో ఇరుక్కుపోయినవి, రాతిని చీలిస్తే బయటికొస్తాయి. కొలరాడో రాయిని మాత్రం తవ్వి, పిండి చేసి, గాలి తగలకుండా దాదాపు 500 డిగ్రీల దాకా వేడి చెయ్యాలి. వచ్చిన ఆవిరిని చల్లారిస్తే నూనె. మంచి రాయైతే టన్నుకు 100 లీటర్ల దాకా ఇస్తుంది. కాల్చాక మిగిలిన రాయి ఉబ్బిపోయి, తీసిన గుంతలో పట్టదు.

పద్ధతి పాతదే. 1850లో జేమ్స్ యంగ్ పేటెంట్ తీసుకుని స్కాట్లండ్‌లో బొగ్గు జాతి రాయి నుంచి పారఫిన్ (దీపాల నూనె, మైనం) తీశాడు. తర్వాత షేల్‌కు మళ్లిన ఆ పరిశ్రమ 1962 దాకా నడిచింది. వెస్ట్ లోథియన్‌లో ఆ కాల్చిన రాయి ఎర్రటి గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. వేరే ఇంధనం పెద్దగా లేని ఎస్టోనియా 1916 నుంచి షేల్‌నే నమ్ముకుంది.

కొలరాడోలో మాత్రం ప్రతిసారీ ఆశ పుట్టడం, కూలడం. 1920లలో షేల్ భూముల కోసం జనం ఎగబడ్డారు. 1930లో తూర్పు టెక్సస్‌లో చవక చమురు దొరకడంతో ఆ ఊపు పోయింది. 1970లలో అరబ్ దేశాల ఆంక్షలతో ధరలు ఎగిశాక అసలు హడావుడి మొదలైంది. రోజుకు 80 లక్షల బ్యారెళ్లు తీయొచ్చని 1980లో అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ అంచనా వేసింది. నీళ్లు చాలని ఆ ఎండు నేలకు మిస్సోరి నది నుంచి పైపులు వేద్దామన్నది కూడా ఆ ఆలోచనలో భాగమే. పారాషూట్ అనే ఊరి దగ్గర ఎక్సాన్ వారి ‘కాలనీ’ అనే షేల్ నూనె ప్రాజెక్టు మొదలైంది. కూలీల కోసం బాటిల్‌మెంట్ మెసా పేరుతో ఏకంగా ఒక ఊరే కట్టారు.

1982 మే 2, ఆదివారం. ధర పడిపోతోందని ఎక్సాన్ ప్రాజెక్టును మూసేస్తున్నట్టు ప్రకటించింది. 2 వేల మందికి పైగా ఉద్యోగాలు ఒక్క దెబ్బతో పోయాయి. తెల్లారి పనికొచ్చిన వాళ్లకు గేట్లకు తాళాలు కనబడ్డాయి. వాళ్లను నమ్ముకుని అప్పులు చేసి దుకాణాలు పెట్టినవాళ్లు, ఇళ్లు కొన్నవాళ్లు కూడా మునిగారు. ఆ ప్రాంతం దాన్ని ఇప్పటికీ ‘బ్లాక్ సండే’ అంటుంది. కంపెనీ నష్టం లెక్కల్లో సర్దుకుంది, ఆ కుటుంబాల నష్టానికి లెక్క రాసినవాళ్లు లేరు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

తర్వాత షెల్ అనే మరో చమురు కంపెనీ రాయిని తవ్వకుండానే భూమిలో వేడి చేద్దామంది. బావుల్లోకి కరెంటు హీటర్లు దించి రాయిని సుమారు 350 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి ఉంచాలి. భూగర్భ జలం లోపలికి రాకుండా చుట్టూ నేలను గడ్డకట్టించి మంచుగోడ కట్టాలి. అంటే ఒకవైపు కాల్చడానికి, మరోవైపు గడ్డకట్టించడానికి కరెంటు. పని జరిగింది కూడా: 2004-05 పరీక్షలో 1,700 బ్యారెళ్ల మంచి నూనె వచ్చింది. కానీ ఈ పద్ధతిలో రోజుకు లక్ష బ్యారెళ్లు తియ్యాలంటే 1,200 మెగావాట్ల విద్యుత్ కావాలని 2005లో రాండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క చెప్పింది. చమురు ధర పెరిగితే ఈ కరెంటు, ఉక్కు, కూలి ఖర్చులూ దాంతోపాటే పెరుగుతాయి. లాభం మొదలయ్యే గీత ఎప్పటికప్పుడు ముందుకు జరిగిపోవడానికి కారణం అదే.

2013లో షెల్ కూడా అక్కడి పని ఆపేసింది. అప్పటికే టెక్సస్, నార్త్ డకోటాల్లో ఫ్రాకింగ్ నూనె ధారగా వస్తోంది. పీసియాన్స్ బేసిన్‌లో కంపెనీలు సహజ వాయువు బావులకు మళ్లాయి.