మందు వికటించినప్పుడు కళ్లకు దొరికే గడువు పది రోజులే

న్యూయార్క్‌లో ఇద్దరు పిల్లల డాక్టర్లు, ఆల్బర్ట్ స్టీవెన్స్, ఫ్రాంక్ జాన్సన్, 1922లో ఒక వ్యాసం రాశారు. ఏడేళ్ల బాబు ఒకడు, ఎనిమిదేళ్ల వాడు ఇంకొకడు. ఇద్దరికీ జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, నోట్లో పుండ్లు, చీము పట్టిన కళ్లు. కంటి వాపు మాట ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. అయినా స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ (ఎస్‌జేఎస్) చర్మం జబ్బుగానే పేరుపడింది. చర్మం వేడినీళ్లు పడ్డట్టు ఊడిపోయే తీవ్రరూపాన్ని 1956లో స్కాట్లండ్ డాక్టర్ అలన్ లయెల్ వివరించాడు. ప్రాణం దక్కితే చాలనుకునే పరిస్థితి అది. కళ్ల సంగతి తర్వాత చూద్దాంలే అన్నట్టే దశాబ్దాలు గడిచాయి.

స్టీవెన్స్, జాన్సన్ దీన్ని కొత్తరకం జ్వరమనుకున్నారు. మందుల పాత్ర తర్వాత బయటపడింది: సల్ఫా మందులు, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, గౌట్ అనే కీళ్లవాపుకు ఇచ్చే అల్లోప్యూరినాల్, హెచ్ఐవీకి వాడిన నెవిరపిన్. కార్బమజెపిన్ రియాక్షన్‌కు ఒక జన్యువుతో గట్టి సంబంధం ఉందని 2004లో తైవాన్ పరిశోధకులు తేల్చారు.

కంట్లో జరిగేది చూస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. మొదటి రోజుల్లోనే కంటి తెల్లగుడ్డు మీది పొర, రెప్పల లోపలి పొర ఊడిపోతాయి. పచ్చిగా ఉన్న ఆ రెండూ అతుక్కుపోతాయి. రెప్ప అంచు చర్మంలా గట్టిపడి, రెప్ప వేసిన ప్రతిసారీ కార్నియాను, అంటే కంటి ముందుండే పారదర్శక పొరను, గీరుతుంది. చర్మం మానిపోయి మనిషి ఇంటికి వెళ్లాక కూడా ఈ రాపిడి ఏళ్ల తరబడి ఆగదు. చాలాకాలం చేసిందల్లా చుక్కల మందులు వేయడం, అతుకుల్ని గాజుకడ్డీతో విడదీయడం. వాటితో రోజులు గడిచేవి కానీ చూపు నిలిచేది తక్కువే.

మలుపు తెచ్చింది ఉమ్మనీటి సంచి పొర. కంటికి దాన్ని వాడిన ప్రయత్నం 1940లోనే జరిగినా తర్వాత మూలన పడింది. 1990ల మధ్యలో మళ్లీ వెలుగులోకి వచ్చింది. ఎస్‌జేఎస్ లాంటి జబ్బు మొదలైన తొలి దశలోనే దీన్ని వేసిన ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. సిజేరియన్ అయిన తల్లి ఇచ్చిన మాయ నుంచి పొరను వేరుచేసి, ఇన్ఫెక్షన్ల పరీక్షలు చేసి గడ్డకట్టించి దాస్తారు. దాన్ని పై రెప్ప అంచు నుంచి కింది రెప్ప అంచు దాకా కన్నంతా కప్పేలా పరుస్తారు. కదలకుండా లోపల ఒక రింగు పెడతారు. సెలైన్ ట్యూబు ముక్కను వంచి ఆ రింగు చేసుకునే డాక్టర్లూ ఉన్నారు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేదు, ఐసీయూ మంచం మీదే వేసేయొచ్చు. ఢిల్లీ ఎయిమ్స్ 2016లో ప్రచురించిన ట్రయల్‌లో, మందులొక్కటే వాడిన కళ్లకన్నా పొర కూడా వేసిన కళ్లే మెరుగ్గా ఉన్నాయి.

చిక్కల్లా సమయంతోనే. మొదటి వారంలో, మహా అయితే పది రోజుల్లోపు వేయాలి. అప్పటికి రెప్పలు వాచి మూసుకుపోయి ఉంటాయి, రోగి మాట్లాడే స్థితిలో ఉండడు. అందుకే, కళ్లు పైకి ఎర్రగానే కనిపించినా, ఎస్‌జేఎస్ అని అనుమానం వచ్చిన రోజే కంటి డాక్టర్‌ను పిలవాలి.

ఆలస్యమైతే మిగిలేవి పెద్ద మరమ్మతులే. పెదవి లోపలి పొర తీసి రెప్ప అంచుకు అతికించడం, కంటిమీద నీటి పొరను నిలిపే స్క్లెరల్ లెన్సులు పెట్టడం హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో, చెన్నై శంకర నేత్రాలయలో చేస్తున్నారు. మామూలు కార్నియా మార్పిడి మాత్రం ఈ కళ్లలో సాధారణంగా నిలవదు. కన్నీళ్లు ఎండిపోయి, కార్నియాను తిరిగి పెంచే మూలకణాలు కూడా అప్పటికే పోయి ఉంటాయి.