సుడుల్లో మంట వేగమెంత? 1940 నుంచీ తేలని లెక్క

కదలకుండా ఉన్న మీథేన్-గాలి మిశ్రమంలో, గది ఉష్ణోగ్రత దగ్గర, మంట సెకనుకు మహా అయితే 40 సెంటీమీటర్లు పాకుతుంది. ఆ లెక్కన 4 సెంటీమీటర్లు దాటడానికి 100 మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక చుట్టుకు దొరికేది 20 మిల్లీసెకన్లే. ఇంజిన్ లోపలి వేడికీ పీడనానికీ ఈ అంకె మారే మాట నిజమే. అయినా సిలిండర్‌లో వాయువు సుళ్లు తిరగకపోతే పని జరగదు.

ఆ సుళ్లు మంటను ఎంత తొందరపెడతాయి? 1940లో జర్మన్ శాస్త్రవేత్త గెర్‌హార్డ్ డామ్‌కోలర్ దీన్ని రెండుగా విడదీశాడు. పెద్ద సుళ్లు మంట అంచును ముడతలు పెడతాయి. మండే వైశాల్యం ఎంత పెరిగితే వేగం అంత పెరుగుతుంది. మంట పొర మందం కన్నా చిన్న సుళ్లయితే పొరలోకే దూరి వేడిని కలియబెడతాయి. ఇన్నేళ్లలో వచ్చిన మోడళ్లలో చాలావాటికి ఈ మొదటి మాటే పునాది.

చిక్కల్లా ఆ ముడతల వైశాల్యం లెక్కగట్టడంలోనే. పైగా చదునైన మంట సుళ్లు లేకున్నా తనంతట తానే ముడతలు పడగలదని 1938లో ఫ్రెంచ్ ఇంజినీరు డారియస్, 1944లో సోవియట్ భౌతికశాస్త్రవేత్త లాండావు విడివిడిగా చూపించారు. కాలిన వాయువు వ్యాకోచించడమే అందుకు కారణం. అంచు వంపును బట్టి కూడా వేగం మారుతుందని 1951లో మార్క్‌స్టైన్ మరో సవరణ చేర్చాడు.

ఆ తర్వాత స్థిరపడిన జి-సమీకరణం మంటను మందం లేని గీతగా చూస్తుంది. ఆ గీత ప్రవాహంతో కొట్టుకుపోతూనే, తనకు లంబంగా సొంత వేగంతో ముందుకు జరుగుతుంది. రసాయన చర్యలన్నీ ఆ ఒక్క వేగంలోకి కుదించేశారు. తెగువ అంటే ఇదే! 1937లో జన్యువుల వ్యాప్తి కోసం ఫిషర్, కోల్మగరోవ్ బృందం రాసిన సమీకరణాలనే మంటకూ వాడే దారి ఇంకొకటి.

రెండింటినీ ఒకే రకం సుళ్ల వరుస మీద పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. ప్రవాహ తీవ్రత A బాగా పెరిగినప్పుడు జన్యువుల సమీకరణంలో వేగం A నాలుగో మూలంలా పెరుగుతుంది, జి-సమీకరణంలో దాదాపు A/log A లా. అదే జి-సమీకరణానికి కాస్త వ్యాపనం (తనంతట తానే చుట్టూ పరుచుకునే గుణం) కలిపితే వేగం log A వర్గమూలాన్ని మించి పెరగదు.

ప్రయోగాల్లో మాత్రం వేగం మొదట చకచకా పెరిగి, తర్వాత ఆ పెరుగుదల నెమ్మదిస్తుంది. సుళ్లు మరీ ఉధృతమైతే మంట ఆరిపోవచ్చు కూడా. పైగా బన్సెన్ బర్నర్ మీద కొలిచిన వేగం, ఫ్యాన్లు తిరిగే మూసిన పాత్రలో గోళంలా విస్తరించే మంట వేగం ఒకటి కావు. ఏది కొలిచామో చెప్పకుండా అంకె ఒక్కటే చెబితే, దాన్ని ఏ మోడల్‌తోనూ పోల్చలేం.