మగ్గం గుంటలో, శెనక్కాయ చేలో నడుం నొప్పి: అపోహలు – వాస్తవాలు

అపోహ: మగవాళ్లది బరువు పని, ఆడవాళ్లది తేలిక పని.

అనంతపురం వైపు శెనక్కాయ చేలో మూటలు మోసేది మగవాళ్లు, కలుపు తీసేది ఆడవాళ్లు. మూట దించగానే మోసేవాడి నడుం కాసేపు తెరిపిన పడుతుంది. గొంతుక్కూర్చుని తొలిక (కలుపు తీసే చిన్న పార) పట్టినామెకు ఆ తెరిపి లేదు. బిగిసిన కండరం బిగిసినట్టే ఉంటే అందులో రక్తం సరిగా ఆడదు, సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. మోకాళ్ల సంగతి ఇంకా కష్టం. ముట్లు ఆగినాక కీళ్ల అరుగుదల ఎటూ ఆడవాళ్లలోనే ఎక్కువ, దానికి ఈ కూర్చోవడం తోడవుతుంది. 30 సెం.మీ. సాళ్లలో తొలికకు బదులు, నిలబడి తోసే చక్రం దంతె నడుస్తుంది. పిడి తోసేవాళ్ల మోచేతి ఎత్తుకు బిగించుకోవాలి. అయితే ఊడలు (కాయ పట్టే కాడలు) నేలలోకి దిగినాక, అంటే దాదాపు 45 రోజుల తర్వాత, దంతె తోలకూడదు. అప్పటినుంచి చేత్తోనే పీకాలి గనుక అరగంటకోసారి లేచి నడవాలి. కూలీ తెగుతుందని మేస్త్రీ గొణుగుతాడు, గొణగనీండి.

అపోహ: మగాడు ఎంతైనా మోస్తాడు.

అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ లెక్కలో ఒకరు ఎత్తదగ్గ బరువు మహా అయితే 23 కిలోలు. అందులో ఆడ, మగ తేడా లేదు. అదీ బరువు చీలమండల నుంచి 25 సెం.మీ. లోపు ఉంటేనే. 50 సెం.మీ. దూరం జరిగితే సగానికి, 11.5 కిలోలకు పడిపోతుంది. సిమెంటు బస్తా 50 కిలోలు! నేల మీద నుంచి ఇద్దరు పట్టి అరుగు మీద పెట్టాలి, అక్కడినుంచి వీపుకెత్తుకోవాలి. పక్కకు తిరగాలంటే నడుం మెలిపెట్టకుండా పాదాలు తిప్పాలి. గజ్జల్లో ఉబ్బు కనిపిస్తే అది హెర్నియా కావచ్చు. మూట పక్కనపెట్టి చూపించుకోవాలి.

అపోహ: బలం లేకే ఆడవాళ్లకు నొప్పులు.

ఆడవాళ్ల భుజాలు, చేతుల బలం సగటున మగవాళ్ల బలంలో సగం నుంచి మూడింట రెండు వంతులుంటుంది, నిజమే. కాళ్లలో తేడా అంత లేదు. అసలు చిక్కు కొలతలది. ధర్మవరంలోనో ఎమ్మిగనూరులోనో మొగుడి కాళ్ల పొడవుకు తవ్విన మగ్గం గుంటలో భార్య కూర్చుంటే తొక్కుడు చెక్క అందదు. పీట అంచుకు జారి, వంగి నేస్తుంది. నొప్పి నడుం కింద, పిరుదుల దగ్గర మొదలవుతుంది. మెత్త వేసి ఎత్తు పెంచితే కాళ్లు ఇంకా తేలిపోతాయి. చెక్క మీద ఇంకో చెక్క బిగించండి, పాదం పూర్తిగా ఆనాలి. కండెలు చుట్టేవాళ్లకు నొప్పి చక్రం తిప్పే భుజంలో. రాట్నం కింద పలక పెట్టి పిడిని మోచేతి ఎత్తుకు తేవాలి.

అపోహ: నడుం బెల్టు కడితే భయం లేదు.

నొప్పి లేనివాళ్లను బెల్టు కాపాడుతుందనడానికి ఆధారం లేదని నియోష్ 1994లోనే తేల్చింది. బెల్టు ఉందన్న ధీమాతో ఇంకో బస్తా ఎక్కువ మోయడమే జరుగుతుంది.

అపోహ: కానుపయ్యాక మామూలు పనికి వెంటనే దిగొచ్చు.

కడుపుతో ఉన్నప్పుడు వదులైన కటి కీళ్లు, కండరాలు బిగుసుకోవడానికి నెలలు పడుతుంది. ఆలోగా నిండు బిందెలు, గడ్డి మోపులు ఎత్తితే గర్భసంచి జారే ప్రమాదం పెరుగుతుంది. దగ్గినప్పుడు మూత్రం పడుతున్నా, కింద ఏదో దిగుతున్నట్టున్నా అత్తకు చెప్పి ఊరుకోకుండా డాక్టరుకు చూపించాలి.