లైను ఆపితే ఉద్యోగం పోతుందా? ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ పనిపై అపోహలు, వాస్తవాలు

ఐటీఐ, డిప్లొమా ముగించి మా వర్క్‌షాపులో చేరే పిల్లలు మొదటి వారం తిరగకుండానే ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, లైను ఒక్క నిమిషం ఆగినా లక్షల్లో నష్టమట కదా, ఆపినవాడి జీతంలో కోస్తారట కదా?" ఎవరు చెప్పారంటే సీనియర్ అన్నాడంటారు, రూములో అనుకున్నారంటారు, కంపెనీ బస్సులో విన్నామంటారు. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా ముంబయి హైవే పొడవునా తిరిగే మాట ఇది. సదాశివపేటలో టైర్లు, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు తయారవుతాయి. వాహన కంపెనీలకు బ్రాకెట్లు, రేకు భాగాలు చేసిపెట్టే చిన్నాపెద్దా షాపులు పటాన్‌చెరులో, జీడిమెట్లలో, బాలానగర్ సందుల్లో బోలెడు. అలాంటి ఒక షాపులో ప్రెస్సులు, వెల్డింగ్ చూసుకునే సూపర్‌వైజర్‌ని నేను. ఈ పుకారును నమ్మి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను చూశాను. అందుకే ముందు దీని సంగతి తేల్చుకుందాం. మిగతా అపోహలు వెనక వస్తాయి.

అపోహ: లైను ఆగకుండా నడపడమే సూపర్‌వైజర్ పని, ఆపినవాడిదే తప్పు

ముందు లెక్క చూడండి. ఎనిమిది గంటల షిఫ్టంటే 480 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకు కలిపి 20 తీసేస్తే 430 మిగులుతాయి. ఆ పూట 430 బ్రాకెట్లు కావాలంటే టాక్ట్ టైమ్, అంటే ఒక్కో పీసుకు దొరికే సమయం, ఒక నిమిషం. లైను ఐదు నిమిషాలు ఆగితే పోయేది ఐదు బ్రాకెట్లు. షిఫ్టు చివర్లో కాసేపు ఎక్కువ నిలబడితే అవి వచ్చేస్తాయి. లక్షలెక్కడివి?

ఇక ఆపకపోతే ఏమవుతుందో చూద్దాం. రేకుకు నట్టును అతికించే నట్ వెల్డింగ్‌లో, కరెంటు పంపే ఎలక్ట్రోడు అరిగింది, నట్టు సరిగా అతుక్కోవడం లేదు. ఆపరేటరుకు అనుమానం వచ్చింది, కానీ భయపడి నోరు విప్పలేదు. తనిఖీ బల్ల గంట పని దూరంలో ఉంటే, అక్కడ పట్టుబడేసరికి 60 పీసులు అనుమానం కిందికి వస్తాయి. అంతటితో అయిపోదు. చివరి మంచి పీసు ఏదో తేలేదాకా వెనక్కి వెళ్ళాలి. గంటకోసారి చూసి రాసిన కాగితం ఉంటే గంట వెనక్కి వెళ్తే చాలు. లేకపోతే షిఫ్టు మొదట్లో మొదటి పీసును చూసి ఓకే చేసిన ఫస్ట్ పీస్ అప్రూవల్ దాకా వెళ్ళాల్సిందే. ఈలోగా సగం సరుకు లారీ ఎక్కి ఉంటుంది. కస్టమర్ స్టోర్‌కు మన మనుషులను పంపి ఒక్కో పీసూ ఏరించాలి, నష్టానికి కస్టమర్ పంపిన డెబిట్ నోటు కట్టాలి. బండికి బిగించాక బయటపడితే ఆ ఖర్చు ఇంకో మెట్టు ఎక్కుతుంది. బండి రోడ్డెక్కాక బయటపడితే రీకాలే, అంటే అమ్మిన బండ్లను వెనక్కి పిలిచి సరిచేయడమే. లక్షల నష్టం అనే మాట పుట్టింది ఇక్కడ. దాన్ని తెచ్చి ఐదు నిమిషాల ఆగుదలకు అంటగట్టారు.

ఇది కొత్త జ్ఞానమేమీ కాదు. జపాన్‌కు చెందిన సకిచి టొయోడా 1924లో తెచ్చిన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగగానే తనంతట తానే ఆగేది. సిరిసిల్లలో మరమగ్గం నడిపినవాళ్ళకు దీని విలువ నేను చెప్పనక్కరలేదు. తెగిన పోగుతో నేత సాగితే గజాల కొద్దీ బట్ట పాడవుతుంది. ఆ మగ్గం పేటెంటు హక్కులను 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్‌కు ఇచ్చారు. ఆ తరవాతే ఆ కుటుంబం కార్ల వైపు నడిచింది. ప్రపంచమంతా పాఠంగా చదువుకునే టొయోటా పద్ధతికి ఉన్న రెండు స్తంభాల్లో ఒకటి, తప్పు కనబడగానే ఆగడం.

టొయోటా లైనుల్లో ఆండన్ తాడు ఉంటుంది. అది లాగగానే ఫ్యాక్టరీ అంతా నిలిచిపోతుందని మన పిల్లలు అనుకుంటారు. అలా జరగదు. లాగితే ముందు దీపం వెలుగుతుంది, టీం లీడర్ పరుగున వస్తాడు. బండి ఆ స్టేషన్ హద్దు దాటేలోగా సరిచేస్తే లైను ఆగనే ఆగదు. సరికాకపోతేనే హద్దు దగ్గర ఆగుతుంది. మా షాపులో తాడు లేదు, ఎర్ర దీపం, గంట ఉన్నాయి. పని మాత్రం అదే.

ఒక రాత్రి షిఫ్టులో నల్గొండ వైపు నుంచి వచ్చిన ట్రెయినీ ఒకడు బ్రాకెట్‌ను బిన్‌లో వేయగానే నట్టు ఊడి టంగుమంటూ అంచుకు తగిలి కింద దొర్లింది. వాడు వెంటనే మిషను ఆపి గంట కొట్టాడు. నేను వెళ్ళేసరికి ఆ నట్టును గుప్పిట్లో పట్టుకుని, ముఖమంతా చెమటతో నిలబడి ఉన్నాడు. కింది ఎలక్ట్రోడు మధ్యలో గుంట పడింది, పిన్ను వదులైంది. ఎలక్ట్రోడు మార్పించి, వెనక పీసులు ఒక్కొక్కటే టార్క్ రెంచితో చూసుకుంటూ వెళ్ళాం. చెడ్డవన్నీ ఆ బిన్ పై పొరలోనే ఉన్నాయి. వాటిని ఎర్ర బిన్‌లో వేసి, లాగ్‌బుక్‌లో రాసి, టీకి వెళ్ళాం.

తెల్లారి వాళ్ళ నాన్న ఫోను చేశారు. "సార్, మావాడు రాత్రి మిషను ఆపేశాడట. ఏమైనా గొడవవుతుందా సార్?"

"లేదండీ, మంచి పనే చేశాడు."

"జీతంలో పట్టుకోరు కదా సార్?"

కొడుకు మొదటి జీతం మీద ఇల్లంతా ఆశ పెట్టుకున్న మనిషి అడిగిన మాట అది. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ పిల్లవాడి చెవిలో ఈ మాట వేసినవాడి మీద వచ్చింది.

జీతంలో ఇష్టం వచ్చినట్టు కోయడం కుదరదు. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం నుంచే ఏ కారణాలకు కోయవచ్చో జాబితా ఉంది. నష్టం పేరుతో కోయాలంటే ఆ నష్టం నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, ముందు అతని సంజాయిషీ వినాలి. లోపం చూసి మిషను ఆపడం నిర్లక్ష్యం కిందికి రాదు. అయితే ఆపి ఫోను చూసుకుంటూ కూర్చుంటే అది వేరు. ఆపగానే మూడు సంగతులు చెప్పాలి: ఏం కనబడింది, ఎప్పటి నుంచి, చివరి మంచి పీసు ఏది. ఆపినందుకు బూతులు తిట్టే పైవాళ్ళు లేరని నేననను. ఉన్నారు. వాళ్ళ ముందు మిమ్మల్ని కాపాడేది లాగ్‌బుక్కే. సమయం వేసి, సంతకం పెట్టి రాయండి.

ఇక వేళ్ళ సంగతి. పవర్ ప్రెస్సుకు రెండు బటన్లు ఎందుకుంటాయి? పైనుంచి నొక్కే స్లయిడు దిగేటప్పుడు రెండు చేతులూ డై (అచ్చు) బయట ఉండాలని. టార్గెట్ తరుముతుంటే కొందరు ఒక బటన్ సందులో రూపాయి బిళ్ళ దూర్చి, దాన్ని నొక్కిపెట్టి ఉంచేస్తారు. ఒక చేత్తో నొక్కుతూ రెండో చేత్తో రేకు సర్దుతారు. అలాంటి బిళ్ళను నేనే స్క్రూడ్రైవరుతో పెకలించాను. అంచులు అరిగి మెరుస్తోంది, అంటే అది అక్కడ చేరి చాలా రోజులైందన్నమాట. సరైన రెండు చేతుల కంట్రోలున్న ప్రెస్సులో ఈ ఎత్తు పారదు. రెండు బటన్లూ అర సెకను తేడాలోపు కలిసి నొక్కాలి, ప్రతి స్ట్రోకు తరవాతా రెండూ వదలాలి. పాత ప్రెస్సుల్లో ఆ ఏర్పాటు లేకపోతే అడిగి పెట్టించుకోండి. చేయి అడ్డొస్తే ప్రెస్సును ఆపే లైట్ కర్టెన్‌ను బైపాస్ చేయడం, డై కింద చేయి పెట్టేటప్పుడు స్లయిడు పడకుండా ఆపే సేఫ్టీ బ్లాకు పెట్టకపోవడం, మెయిన్ స్విచ్ ఆపి, ఇంకెవరూ ఆన్ చేయకుండా సొంత తాళం వేసుకోకపోవడం కూడా ఆ కోవలోవే. వీటన్నిటికీ చెప్పే సాకు ఒక్కటే, "లైను ఆగకూడదని". ఆ సాకు నా షిఫ్టులో చెల్లదు.

అపోహ: అరిస్తేనే పని జరుగుతుంది

అరిస్తే జరిగేది దాపరికం. చెడ్డ పీసు ఎర్ర బిన్‌కు బదులు మంచి బిన్ అడుగుకు పోతుంది. గొంతు పెంచాల్సింది ఫోర్క్‌లిఫ్ట్ దారిలోకి ఎవరైనా వచ్చినప్పుడు మాత్రమే.

అపోహ: రోబోలు వచ్చాయి, ఎలక్ట్రిక్ బండ్లు వచ్చాయి, ఇక మన పని అయిపోయింది

ఈ మాట వాట్సాప్‌లో నెలకోసారి నాకు చేరుతుంది, పంపినవాళ్ళకు జవాబివ్వడం మానేశాను. అయినా రాత్రి నిద్ర పట్టనివాళ్ళ కోసం చెబుతాను. ఎలక్ట్రిక్ బండిలో పిస్టన్లు, వాల్వులు, సైలెన్సరు ఉండవు. కేవలం అవే చేసే షాపులకు నిజంగానే ఆలోచించుకోవాల్సిన కాలం. కానీ బ్రేకులు, సస్పెన్షన్, సీటు ఫ్రేములు, బ్రాకెట్లు ఎక్కడికీ పోవు, పైగా బ్యాటరీ పెట్టె వచ్చి చేరుతుంది. వెల్డింగ్ రోబో సంగతికొస్తే, రేకును పట్టి ఉంచే ఫిక్చర్ అరిగిందని, రేకు వంకర వచ్చిందని దానికి తెలియదు, ఉన్నచోటే వెల్డు వేసేస్తుంది. ఫిక్చర్ చూడటం, టిప్పులు మార్చడం, వెల్డు ఎక్కడ వేయాలో రోబోకు పాయింట్లు నేర్పడం మనుషులే చేయాలి. ఆ పని నేర్చుకున్న ఆపరేటర్లు మా షాపులో ఇప్పుడే తక్కువ.

అపోహ: ఓవర్‌టైమ్ కంపెనీ దయ

రోజుకు తొమ్మిది గంటలు గానీ, వారానికి 48 గంటలు గానీ దాటి చేసిన పనికి కార్మికుడికి రెట్టింపు కూలి ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. కాంట్రాక్టరు కింద ఉన్నా మీ గంటలు మీరు రాసిపెట్టుకోండి.

అపోహ: డబ్బు కడితే ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇప్పిస్తారు

లింగంపల్లి, చందానగర్ గోడల మీద కనబడే కాగితాల్లో ఫోను నంబరు తప్ప కంపెనీ పేరుండదు, గమనించారా? రిజిస్ట్రేషన్ ఫీజని, యూనిఫాం డబ్బులని మొదలుపెడతారు. అప్రెంటిస్‌షిప్‌కు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు ఉచితం, శిక్షణ కాలంలో స్టైపెండ్ కంపెనీవాళ్ళే మీకివ్వాలి. ఐటీఐ చేసినవాళ్ళు ముందు మీ కాలేజీ ప్లేస్‌మెంట్ అధికారిని కలవండి, తరవాత సర్టిఫికెట్ల జిరాక్సులు పట్టుకుని నేరుగా ఫ్యాక్టరీ గేటు దగ్గర టైం ఆఫీసులో అడగండి. మా దగ్గర ట్రెయినీల్లో చాలామంది అలా వచ్చినవాళ్ళే.