పనిముట్ల పిడికి పూసే నూనె: అపోహలు - వాస్తవాలు

స్వయంగా చేసుకున్న ఉలి పిడినో, చిత్రికనో తెచ్చి, "నూనె పూసి నెల దాటినా జిగట వదలడం లేదు, కర్ర పాడైపోయిందా?" అని దిగులుగా అడిగేవారు నాకు తరచుగా తారసపడుతుంటారు. కర్రకు ఏమీ కాలేదు. నూనె కూడా నీటిలాగా ఆవిరై ఆరిపోతుందన్న అపోహే ఈ తిప్పలన్నింటికీ మూలం.

అవిసె నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. కాబట్టి మందంగా పూస్తే ఎక్కువ రక్షణ అన్న మాట శుద్ధ తప్పు, ఎందుకంటే పైపొర ముందుగా బిగుసుకుని అడుగు పొరకు గాలి అందనివ్వదు. పలుచగా పూసి, పావుగంట ఆగి, కర్ర పీల్చుకోని నూనెనంతా తుడిచివేయాలి. మరుసటి పూతకు బాయిల్డ్ నూనె (త్వరగా గట్టిపడేలా తయారుచేసిన అవిసె నూనె) అయితే కనీసం ఒక రోజు, ఏమీ కలపని పచ్చి నూనె అయితే ఇంకా చాలా రోజులు ఆగాలి. పని నేర్చుకునే రోజుల్లో నా మొదటి కొయ్యసుత్తిని నేను రాత్రంతా నూనెలో నానబెట్టాను. ఆ పిడికి అంటుకున్న రంపపు పొట్టును చివరికి టర్పెంటైన్ గుడ్డతో రుద్ది, గీకి వదిలించవలసి వచ్చింది.

వంటింట్లో ఉన్న ఏ నూనె అయినా చాలునన్నది ఇదే అపోహకు మరో రూపం. ఆక్సిజన్‌తో కలిసే గుణాన్ని సూచించే అయోడిన్ విలువ అవిసె నూనెకు సుమారు 170 నుంచి 200 వరకు ఉండగా, కొబ్బరి నూనెకు 10 దరిదాపుల్లోనే ఉంటుంది గనుక, అది ఎన్నేళ్లు గడిచినా గట్టిపడదు.

ఇలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డను ఉండగా చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకోగలదు. ఇది పుకారు కాదు. గుడ్డను ఆరుబయట విడిగా పరచి ఆరనివ్వాలి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాలి. పూసిన పిడి కూడా అంటుకుంటుందేమోనని కొందరు భయపడతారు గానీ, పలుచని పొరలోని వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది.

ఇక మిగిలినవి చిన్నవి. వార్నిష్ తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుందే తప్ప కర్ర ఉబ్బడాన్ని, కుంచించుకోవడాన్ని పూర్తిగా ఆపదు. తేనెమైనం ఒక్కటే పూస్తే చేతికి హాయిగా ఉంటుంది, రక్షణ మాత్రం స్వల్పం. బాయిల్డ్ నూనెలో సాధారణంగా లోహ లవణాలు కలుపుతారు కాబట్టి దానిని గరిటెలకు వాడకండి. అడ్డంగా కోసిన కొనభాగం నూనెను ఎక్కువగా తాగుతుంది కనుక, అక్కడ మాత్రం అది ఇంకిన కొద్దీ మళ్లీ అద్దుతూ, చివరికి మిగిలినదాన్ని తుడవండి.